కంప్రెసరును నిందించుటకు ముందు గాలి యెక్కడికి పోవుచున్నదో చూడుడు

యాసంగి మొక్కజొన్న జల్లు తీయుచున్న రోజులవి. నిన్నటి వరకు నిండుగ పోసిన బోరు ఈ ఉదయము దగ్గుచున్నది. పైపు నుండి ఒక గుక్క నీరు పడి, ఆ వెనుక ఉత్త గాలి వచ్చును. మరల కొంతసేపటికి ఇంకొక గుక్క పడును. కంప్రెసరు మాత్రము ఎప్పటివలెనే తిరుగుచున్నది. తలపై చేయి పెట్టిన కాలుచున్నది. ఇట్టి సమయమున మీరేమి చేయుదురు?

చాలమంది రైతులు చేయు పని ఒక్కటే. బోల్టులు విప్పి, కంప్రెసరును ట్రాక్టరు మీద వేసికొని, పట్నములో మిస్త్రీ వద్దకు పోవుదురు. మిస్త్రీ విప్పిచూచి, రింగులు అరిగినవని చెప్పి, క్రొత్తవి వేసి పంపును. నాలుగు దినములు, కొన్ని వేల రూపాయలు పోవును. తిరిగి బిగించి మీట వేయగనే బోరు మరల దగ్గును. లోపము కంప్రెసరులో లేదు. నేలలోని గాలి గొట్టమునకు పడిన చిల్లులో ఉన్నది, లేక దిగిపోయిన నీటిమట్టములో ఉన్నది. ఈలోపల జల్లు మీద నున్న పైరు ఎండకు వాడిపోయినది. మొక్కజొన్నకు జల్లు, పీచు వచ్చు దశలో ఒక తడి తప్పిన, కంకిలో గింజ తప్పును. తరువాత ఎన్ని తడులిచ్చినను ఆ నష్టము తీరదు.

కనుక కంప్రెసరు మొరాయించినప్పుడు ఏది ముందు చూడవలెను, ఏది తరువాత చూడవలెను అను వరుస రైతుకు తెలిసియుండుట మంచిది. ఈ వరుస బావి కంప్రెసరుకే కాక బండి కంప్రెసరుకు కూడ పనికివచ్చును. ఆ సంగతి చివర చెప్పెదము.

మన ప్రాంతమున కంప్రెసరు ఎందుకు?

గంగారం అను పేరుగల ఊళ్లు మన ప్రాంతమున ఒకటి కంటె ఎక్కువ ఉన్నవి. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున నున్న గంగారం వద్ద దేవాదుల ఎత్తిపోతల పథకపు పెద్ద పంపులు నదీజలమును ఎత్తి మెట్ట భూములకు పంపుచున్నవి. మహబూబాబాదు జిల్లాలోని గంగారం మండలము అడవుల నడుమ నున్నది. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొత్తగూడ మండలము నుండి ఇది వేరైనది. నది నీరు ఎక్కని చోట ఎక్కడైనను రైతుకు చెరువు, కుంట, బోరు ఇవియే దిక్కు.

బోరు స్వభావము నేల లోపలి రాతిని బట్టి ఉండును. జనగామ వైపు నల్లరాయి, గ్రానైటు రాతి నేలలు. అచట రాతి పగుళ్లలోనే నీరుండును. ఒక బోరు పోసిన, పది గజముల దూరములో వేసిన ఇంకొకటి ఎండవచ్చును. పాకాల, కొత్తగూడ, గంగారం వైపు నున్నవి పలక రాళ్లు, సున్నపు రాళ్లు మొదలగునవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాళ్ల సముదాయమునకు పాకాల చెరువు పేరే పెట్టిరి. భూపాలపల్లి వైపు బొగ్గుతో కూడిన ఇసుకరాయి ఉన్నది. అచటి బోర్లలో నీటితో పాటు ఇసుక వచ్చుట కద్దు.

నీరు తక్కువగ ఊరు బోరులోను, ఇసుక వచ్చు బోరులోను, కేసింగు వంకరపోయిన బోరులోను సబ్‌మెర్సిబుల్ మోటారు ఎక్కువ కాలము నిలువదు. ఇసుక దాని చక్రములను అరగదీయును. నీరు లేక తిరిగిన అది కాలిపోవును. కంప్రెసరుకు ఈ బెడద లేదు. బోరులో తిరుగు వస్తువు ఏదియు ఉండదు. యంత్రమంతయు గట్టుమీదనే ఉండును. అందుచేతనే తెలంగాణ రైతు కంప్రెసరును ఆశ్రయించినాడు. అయితే దీనికి కరెంటు ఎక్కువ పట్టును. పెట్టిన శక్తిలో మూడవ వంతు నీటిని ఎత్తు పనికి వచ్చినదన్న గొప్పయే. మంచి నీరున్న తిన్నని బోరుకు సబ్‌మెర్సిబుల్ మోటారే మేలు.

గాలి నీటిని ఎట్లు ఎత్తును?

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1797లో జర్మనీలో లోషర్ అను గనుల ఇంజనీరు దీనిని కనిపెట్టెను. బోరులో రెండు గొట్టములు దించుదురు. ఒకటి నీరు పైకి వచ్చు పెద్ద గొట్టము. రెండవది గాలి దిగు సన్న గొట్టము. కంప్రెసరు పంపిన గాలి సన్న గొట్టము కొన వద్ద పెద్ద గొట్టములోనికి ప్రవేశించి బుడగలుగ మారును. బుడగలు కలిసిన నీరు తేలిక. చుట్టునున్న నీరు బరువు. బరువైన నీరు అడుగు నుండి తోయగా తేలికైన నీరు పైకి లేచి బయట పడును. త్రాసులో బరువు వైపు దిగిన, తేలిక వైపు లేచును గదా? ఇదియు అట్టిదే.

దీనివలన ఒక ముఖ్య విషయము తేలుచున్నది. గాలి గొట్టపు కొన నీటిలో ఎంత లోతు మునిగియున్నదో దానిని బట్టియే నీరు లేచును. గొట్టపు మొత్తము పొడవులో నూటికి 40 వంతులైనను, బోరు పోయుచున్న సమయమున కూడ, నీటిలో మునిగియుండవలెను. అంతకంటె తగ్గిన కొలది బోరు దగ్గుట మొదలుపెట్టును. అప్పుడు ఎంత పెద్ద కంప్రెసరు తెచ్చినను ఉపయోగము తక్కువ.

గేజి చెప్పు మాట వినుడు

కంప్రెసరు మీద గడియారము వంటి గేజి ఒకటి ఉండును. చాల చోట్ల అది పగిలి, దుమ్ముపట్టి, పనిచేయక యుండును. దానిని వెంటనే మార్చుడు. అది కొద్ది ఖర్చుతో వచ్చు వస్తువు. అది కంప్రెసరు సంగతినే కాక బోరులోని నీటిమట్టమును కూడ చెప్పును.

గేజి మీద ఒక పౌను ఒత్తిడి అనగా 2.3 అడుగుల నీటి లోతుకు సమానము. ఒక ఉదాహరణ చూడుడు. మీ గాలి గొట్టము 180 అడుగులు దించియున్నారు. విశ్రాంతిగ నున్న బోరులో నీరు 60 అడుగుల వద్ద ఉన్నది. అనగా గొట్టము 120 అడుగులు మునిగియున్నది. కంప్రెసరు వేయగనే గాలి ఆ గొట్టములోని నీటిని కొన వరకు త్రోయవలెను. కాబట్టి గేజి ముల్లు సుమారు 52 పౌన్ల వరకు లేచును. అప్పుడు గాలి కొన నుండి బయటపడి, నీరు పోయుట ప్రారంభమగును. పోసిన కొలది బోరులో మట్టము దిగును, ముల్లు కూడ దిగును. ముల్లు 35 పౌన్ల వద్ద నిలిచిన, అప్పుడు మునిగియున్నది 80 అడుగులు. అనగా నీరు 100 అడుగుల వద్ద నిలిచియున్నది. 180 అడుగుల గొట్టములో 80 అడుగులు మునిగిన నూటికి 44 వంతులైనవి. బోరు చక్కగ పోయును.

నీరు లేచు గొట్టము కేసింగు లోపల విడిగా ఉన్న బోర్లకు ఈ లెక్క సరిపోవును. కేసింగు గుండానే నీరు లేచు ఏర్పాటులో, నీరు పోయుచున్నప్పటి ముల్లు మట్టమును సరిగ చెప్పదు. మొదట లేచు ముల్లు మాత్రము అచట కూడ నమ్మదగినదే.

బోరు బాగుగ పోయుచున్న దినమున మూడు అంకెలు వ్రాసికొనుడు. మొదట ముల్లు ఎంతవరకు లేచినది, పోయుచున్నప్పుడు ఎచట నిలిచినది, 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపటిలో నిండినది. ఈ అంకెలు స్టార్టరు డబ్బా మూత లోపల సుద్దతోనో రంగుతోనో వ్రాసియుంచుడు. రోగి ఆరోగ్యముగ నున్నప్పటి నాడి తెలిసిన వైద్యునికే రోగము తెలియును.

డ్రమ్ము లెక్క వలన మరియొక ప్రయోజనమున్నది. డ్రమ్ము 100 సెకండ్లలో నిండిన, బోరు సెకండుకు 2 లీటర్లు పోయుచున్నది. ఒక ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి యనగా సుమారు 2 లక్షల లీటర్ల నీరు. సెకండుకు 2 లీటర్ల వంతున దీనికి 28 గంటలు పట్టును. డ్రమ్ము నిండుటకు 200 సెకండ్లు పట్టిన, అదే తడికి 56 గంటలు పట్టును. రెండు ఎకరముల పైరు ఈ తేడాకు ఆగునా? బోరు సగమునకు తగ్గినదని కంటితో చూచి చెప్పుట కష్టము, డ్రమ్ము తప్పక చెప్పును.

చూడవలసిన వరుస

ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చు గల పరీక్ష తరువాత. ఇది గుర్తుంచుకొనుడు. విప్పుట చివరి పని.

1. కరెంటు. మోటారు నెమ్మదిగ తిరుగుచు మూలుగుచున్నదా? మూడు ఫేజులలో ఒకటి పోయి ఉండవచ్చును. స్టార్టరుపై ఓల్టుమీటరు చూడుడు. 415 ఓల్టులుండవలసిన చోట 370 కంటె తగ్గిన మోటారు ఆపుట మేలు. ఒక ఫేజు పోయినప్పుడు కెపాసిటరు తగిలించి రెండు ఫేజులతో నడుపుట కొందరికి అలవాటు. ఆ పూట నీరు వచ్చును గాని మోటారు చుట్ట వేడెక్కి కాలును. చుట్ట తిరిగి కట్టించు ఖర్చు ఆ నీటి విలువ కంటె ఎక్కువ.

2. తిరుగు దిక్కు. లైను మరమ్మతైన తరువాత, లేక ట్రాన్స్‌ఫార్మరు మార్చిన తరువాత ఫేజులు తారుమారై మోటారు వెనుకకు తిరుగవచ్చును. కంప్రెసరు వెనుకకు తిరిగినను కొంత గాలి కొట్టును. అందువలన రైతుకు అనుమానము రాదు. కాని పెద్ద చక్రము ఆకులు గాలిని సిలిండరు మీదికి విసరవలసినవి, అవి ఎదురు దిక్కుకు విసరును. తల కాలిపోవును, నూనె మాడును, వాల్వులకు మసి పట్టును. చక్రము మీద, లేక కవచము మీద బాణపు గుర్తు ఉండును. దానితో సరిచూడుడు. తప్పుగ నున్న, మెయిను తీయించి ఎలక్ట్రీషియను చేత రెండు తీగెలు మార్పించుడు.

3. బెల్టు. మెయిను తీసిన తరువాత రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవ్రేలితో నొక్కుడు. సుమారు అర అంగుళము దిగవలెను. మరీ దిగిన బెల్టు జారుచున్నదని అర్థము. మోటారు తిరుగును గాని కంప్రెసరు తగినంత తిరుగదు. బెల్టు మాడిన వాసన, పుల్లీ వద్ద నల్లని పొడి దీనికి గుర్తులు. మరీ బిగువైన బేరింగులు పాడగును.

4. గాలి పీల్చు జల్లెడ. దుక్కి దుమ్ము, మొక్కజొన్న పొట్టు, కందిరీగ గూడు వీనితో జల్లెడ మూసికొనిపోయిన కంప్రెసరుకు ఊపిరి ఆడదు. విప్పి దులిపి, అవసరమైన మార్చుడు. జల్లెడ తీసివేసి నడుపరాదు. లోనికి పోయిన దుమ్ము రింగులను ఆకురాయివలె అరగదీయును.

5. బయటి గొట్టము, కీళ్లు. సబ్బు నురుగును గిన్నెలో కలిపి కుంచెతో ప్రతి కీలుకు పూయుడు. బుడగ ఉబ్బిన చోట గాలి పోవుచున్నది. ట్యాంకు ఉన్న కంప్రెసరైన ఇంకొక పరీక్ష చేయవచ్చును. ట్యాంకు నింపి, బోరుకు పోవు వాల్వు మూసి, మోటారు ఆపి, పది నిమిషములు ముల్లును చూడుడు. ముల్లు కదలకున్న ట్యాంకు, కీళ్లు బాగున్నవి. దిగిపోయిన సబ్బు నురుగుతో వెదకుడు. మోటారు ఆపిన క్షణమున కొద్దిసేపు గాలి వదలుట కొన్ని యంత్రములకు సహజము. అది ఆగకుండ బుసకొట్టుచున్న, గాలి వెనుకకు రాకుండ ఆపు వాల్వు కారుచున్నదని తెలియవలెను. ట్యాంకు గాని, సేఫ్టీ వాల్వు గాని లేని కంప్రెసరుకు బయటికి పోవు దారి మూసి నడుపుట ప్రమాదము. గొట్టమో తలయో పగులును.

6. బోరులోని గొట్టము. రైతులు మరచిపోవునది ఇదియే. పైన చెప్పిన ఉదాహరణలో మొదట 52 పౌన్లకు లేచు ముల్లు నేడు 26 పౌన్ల వద్దనే ఆగిపోయినదనుకొనుడు. 26 పౌన్లనగా 60 అడుగులు. దీనికి రెండు కారణములు కావచ్చును. ఒకటి, నీటిమట్టము 60 నుండి 120 అడుగులకు దిగియుండవచ్చును. రెండు, మట్టము మారకయే, 120 అడుగుల వద్ద గొట్టమునకు పెద్ద చిల్లు పడియుండవచ్చును. ఏది నిజమో తేల్చుటకు ఒక త్రాటికి చిన్న బరువు కట్టి, బోరు విశ్రాంతిగ నున్నప్పుడు దించి కొలువుడు. త్రాడు 60 అడుగుల వద్దనే తడిసిన గొట్టమునకు చిల్లు ఉన్నది, దానిని పైకి లాగి అతికించుడు. 120 అడుగుల వద్ద తడిసిన నీరే దిగిపోయినది, ఇక కంప్రెసరు జోలికి పోవలదు. ముల్లు మామూలు కంటె బాగుగ పైకి లేచి, నీరు రాకున్న గొట్టము కొన ఇసుకతోనో ఒండ్రుతోనో పూడినదని అనుమానింపవలెను. త్రాటికి కట్టు బరువు చిన్నదై, గట్టిగ ముడివేయబడియుండవలెను. బోరులో చిక్కిన వస్తువును తీయుట దుస్తరము.

7. వాల్వులు, రింగులు. పై ఆరింటిలో లోపము కనబడకున్న అప్పుడే కంప్రెసరును అనుమానింపుడు. జల్లెడ తీసిన చోట చేయి దగ్గరగ ఉంచి చూడుడు. గాలి లోనికి పీల్చబడుటయే కాక బయటికి కూడ తన్నుచున్న, పీల్చు వాల్వు పలక మసిపట్టియో విరిగియో ఉన్నది. నూనె పోయు మూత వద్ద పొగ, బుసబుస గాలి వచ్చుచున్న, నూనె తరచుగ తరిగిపోవుచున్న రింగులు అరిగినవి. నూనె పాలవలె తెల్లబడిన అందులో నీరు కలిసినది. ట్యాంకు నిండుటకు పూర్వము పట్టిన సమయమునకు రెట్టింపు పట్టుచు, ఎచటను కారుట లేకున్న, వాల్వులో రింగులో అరిగినవని నిశ్చయింపవచ్చును. అప్పుడు పట్నమునకు తీసికొనిపొండు. మీరు చూచిన గుర్తులు మిస్త్రీకి చెప్పుడు. అతని పని సగమగును, మీ ఖర్చు కూడ తగ్గును.

నూనె సంగతి. కంప్రెసరుకు కంప్రెసరు నూనెయే పోయవలెను. ట్రాక్టరులో వాడి తీసిన నల్ల నూనె పోసిన, వేడికి మాడి వాల్వుల మీద బొగ్గుగ పేరుకొనును. గాజు కన్నులో గీత వరకే పోయుడు. మరియొక మాట. ఈ గాలితో పాటు కొంత నూనె తుంపర నీటిలో కలియును. కనుక కంప్రెసరు బోరు నీటిని త్రాగుటకు వాడవలదు.

బండికి కూడ ఇదే న్యాయము

మన ఊళ్లలో తిరుగు జీపులు, ట్రెయిలర్లు ఉక్కు కమానుపట్టీల మీద నడచును. అయితే నాలుగు చక్రములకు శక్తి అందు ఖరీదైన పెద్ద బండ్లు కొన్నింటిలో ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరు తిత్తులలో గాలి నింపి బండిని నిలుపుదురు. 1990 దశాబ్దపు మొదట ఇంగ్లండులో తయారైన రేంజ్ రోవర్ బండ్లకు ఈ ఏర్పాటు చేసిరి. తరువాత ఇతర కంపెనీలు కూడ చేసినవి. ఇట్టి బండ్లు పాతబడి చౌకగ అమ్మకమునకు వచ్చినప్పుడు, అడవి బాటకు పనికివచ్చునని ముచ్చటపడి కొనువారుందురు. కొనుటకు ముందు ఈ నాలుగు మాటలు చదువుట మంచిది.

ఈ బండిలో 12 ఓల్టుల బ్యాటరీతో తిరుగు చిన్న కంప్రెసరు ఉండును. అది పీల్చిన గాలి, తేమను పట్టు గుళికల డబ్బా గుండా పోయి, వాల్వుల పెట్టె ద్వారా నాలుగు మూలల తిత్తులకు చేరును. ఏ మూల ఎంత ఎత్తుగ నున్నదో చెప్పు మీటలు ఉండును. ఎత్తు తగ్గిన కంప్రెసరు తిరుగును, సరిపోయిన ఆగును. ఇది కొద్ది నిమిషములు తిరిగి విశ్రమించుటకు చేసిన యంత్రము. బావి కంప్రెసరువలె గంటల తరబడి తిరుగలేదు.

ఒక తిత్తి మడతలో రబ్బరు పగిలి గాలి మెల్లగ పోవుచున్నదనుకొనుడు. రాత్రి నిలిపిన బండి తెల్లవారునప్పటికి ఒక మూల కూలబడును. మీట త్రిప్పగనే కంప్రెసరు పనిచేసి లేపును. యజమాని సంతోషించును. మరునాడు మరల అదే. కొంత కాలమునకు ఒక మూలకు బదులు దారిలో కూడ కంప్రెసరు మాటిమాటికి తిరుగుచుండును. లోపలి రింగు అరుగును, మోటారు వేడెక్కి తనంతట ఆగును. చివరకు బండి లేవదు. యజమాని క్రొత్త కంప్రెసరు వేయించును. కారు తిత్తి అట్లే ఉన్నది గనుక క్రొత్తది కూడ అదే దారి పట్టును. బోరులోని చిల్లు గొట్టమునకును, ఈ తిత్తికిని భేదమేమి?

ఇచట కూడ వరుస అదే. సాయంత్రము బండిని సమమైన నేల మీద నిలిపి, నాలుగు చక్రముల నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి వ్రాసికొనుడు. ఉదయము మీట వేయక మునుపే మరల కొలువుడు. ఒకే మూల దిగిన ఆ తిత్తినో దాని గొట్టపు కీలునో సబ్బు నురుగుతో చూడుడు. కంప్రెసరు అసలు తిరుగకున్న ముందు ఫ్యూజు, తరువాత రిలే, ఆ తరువాత కంప్రెసరు వద్దకు వచ్చు తీగెలో కరెంటు, ఎర్తు తీగె బిగువు చూడవలెను. వేడెక్కి ఆగినదైన, చల్లారిన తరువాత తిరుగును. అప్పుడు లోపము వేరొకచోట ఉన్నదని తెలియవలెను. బండి ఆపినను కంప్రెసరు ఆగకుండ తిరుగుచున్న, రిలే ముఖములు అతుకుకొనినవి. ఫ్యూజు లాగి తిరుగుట ఆపి, రిలే మార్పించుడు. తేమ పట్టు గుళికలు నిండిపోయిన, నీరు వాల్వులలో చేరి తుప్పు పట్టించును. కనుక కంప్రెసరు మార్చునప్పుడు ఆ డబ్బాను, రిలేను కూడ చూపించుడు. బేరమాడునప్పుడు అమ్మువాడు బండిని ముందే లేపి ఉంచిన, ఒక రాత్రి నిలిపి చూచెదమని అడుగుడు. ఒక్క రాత్రి ఓపిక పట్టిన పెద్ద నష్టము తప్పవచ్చును.

ప్రాణమునకు సంబంధించిన జాగ్రత్తలు

గాలి తిత్తి మీద నిలిచిన బండి క్రింద దూరవలదు. తిత్తి ఎప్పుడైనను దిగవచ్చును. గట్టి స్టాండ్ల మీద నిలిపిన తరువాతనే దూరవలెను.

బావి కంప్రెసరు బెల్టుకు జాలి కవచము తప్పక ఉండవలెను. తువాలు కొస, ధోవతి, చీరె కొంగు బెల్టులో చిక్కుటకు ఒక్క క్షణము చాలును.

సేఫ్టీ వాల్వు కారుచున్నదని బిరడా కొట్టరాదు, దాని స్ప్రింగు బిగించరాదు. ట్యాంకు అడుగున చేరిన నీటిని దినమునకొకసారి వదలుడు. ఆ నీరే లోపలి నుండి తుప్పు పట్టించి ట్యాంకు రేకును పలుచన చేయును. తుప్పు పట్టిన ట్యాంకు బాంబువలె పగులును. అతుకు వేసి వాడుట కూడదు, మార్చవలెను.

ఒత్తిడి గాలితో ఒంటి దుమ్ము దులుపుకొనుట, పిల్లలు ఆటకు గొట్టమును ఒకరిపై నొకరు పట్టుట ప్రాణాపాయము.

మోటారుకు, స్టార్టరు డబ్బాకు ఎర్తు సరిగ నున్నదా యని వానకాలమునకు ముందొకసారి చూపించుడు. తడి చేతితో, తడి నేలపై చెప్పులు లేక స్టార్టరు ముట్టవలదు.

గొట్టములు లాగివేసిన బోరును నోరు తెరచి విడువవలదు. పిల్లలు పడి మరణించిన దుర్ఘటనలు దేశమున ఎన్నో జరిగినవి. 2010లో సుప్రీంకోర్టు దీనిపై ఉత్తరువులిచ్చినది. పాడుబడిన బోరును అడుగు నుండి నేలమట్టము వరకు మట్టి, రాళ్లతో పూడ్చవలెను. వాడుకలో నున్న బోరుకు గట్టి మూత బిగించవలెను.

లోపము యంత్రములో లేకున్న

త్రాడు తడిసిన చోటు ప్రతి యేడు దిగుచున్న, మిస్త్రీ చేయగలిగినది ఏమియు లేదు. గొట్టము కొంత దించి చూడవచ్చును. అది ఒకటి రెండు యాసంగులకు ఉపాయము మాత్రమే. బోరు ప్రక్కన ఇంకొక బోరు వేసిన రెండును ఒకే పగులు నీటిని పంచుకొనును. అన్నదమ్ముల రెండు బోర్లు ఒకదానినొకటి ఎండబెట్టుట జనగామ రాతి నేలలలో క్రొత్త సంగతి కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టము బోర్ల నడుమ దూరమును, అనుమతిని గూర్చి చెప్పునది ఇందుకే. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు రైతుకు రాత్రి కాపలా తప్పినది. కాని మీట వేసి మరచినచో బోరు కూడ త్వరగ దిగిపోవును. కరెంటు ఎంతసేపున్నను నేలలో ఊరు నీరు మాత్రము వాననుబట్టియే ఉండును.

కుంట పూడిక తీయుట, గట్టు మీద కందకము త్రవ్వుట, బోరు చుట్టు ఇంకుడు గుంత చేయుట, వరికి బదులు కొంత భాగమున ఆరుతడి పైర్లు వేయుట ఇవి నీటిమట్టమును నిలుపు పనులు. ఇవి చేసిన ఊరిలో కంప్రెసరుకు పని తగ్గును.

గ్రామాధికారులకు ఒక మనవి

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు రైతు వేదికలో కూడినప్పుడు ఈ పరీక్షలను ఒక్కసారి చేసి చూపిన, నూరు మాటల కంటె మేలగును. ఊరికి ఒక మంచి గేజి, ఒక కొలత త్రాడు, ఒక 200 లీటర్ల డ్రమ్ము చాలును. పది బోర్ల మొదటి ముల్లును వేసవికి ముందొకసారి, వానల తరువాత ఒకసారి వ్రాసియుంచిన, రెండు మూడేండ్లలో ఆ ఊరి నేలనీటి చరిత్ర ఒక పుస్తకములో చేరును. ఏ బోరు కంప్రెసరు లోపముతో దగ్గుచున్నదో, ఏది నీరు లేక దగ్గుచున్నదో అప్పుడు చూడగనే తెలియును.

రైతు సోదరులారా, సోదరీమణులారా! యంత్రము మూగది. అయినను ముల్లు, వేడి, వాసన, చప్పుడు వీనితో తన బాధ చెప్పుచునే ఉండును. ఈ సారి బోరు దగ్గినప్పుడు స్పానరు చేతబట్టుటకు ముందు గేజి చూచి, త్రాడు దించి, సబ్బు నురుగు పూయుడు. అరగంట పని. జల్లు మీద నున్న పైరుకు ఆ సాయంత్రమే తడి అందవచ్చును.